పడవ బండి రెండు చక్రాలకూ గ్రీజు పెట్టడమైనది

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మెకానిక్ పిల్లలు కనిపించినప్పుడల్లా అడుగుతుంటారు, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించిన బండి ఏదండీ అని. ఏ రోడ్డు రోలరో, పాత డీజిల్ జీపో చెబుతానని వాళ్ల ఆశ. ఇంజనే లేని బండి అంటాను. నవ్వుతారు. నవ్వండి నాయనా, మీకూ ఒక రోజు వస్తుంది.

నేను చెప్పేది పడవని వీపున వేసుకుని జీపు వెనకాల నడిచే ట్రెయిలర్ గురించి. మా ఆఫీసులో అందరూ దాన్ని పడవ బండి అనేవాళ్లు. రెండు చక్రాలు, ఒక ఇరుసు, రెండు కమాన్లు, జీపుకి తగిలించడానికి ముందొక కొక్కెం. అంతకంటే ఏమీ లేదు. పాడవడానికి అందులో ఏముందని మీరనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం, అందుకే అంత బాగా పాడుచేశాం.

ఎనభైల నాటి మాట. నూజివీడులో ఒక ప్రభుత్వ ఆఫీసు వెనక బండ్ల షెడ్డు ఉండేది. అందులో నేను మెకానిక్‌ని. రెండు జీపులు, ఒక నీళ్ల ట్యాంకరు, వాటికి తోడు నేను. మాది మెట్ట. ఎటు చూసినా మామిడి తోటలే. వాగులున్నాయి గానీ ఏడాదిలో పది నెలలు వాటిలో మేకలు నడుస్తాయి. అలాంటి ఊరికి ఒక రోజు లారీ మీద పెద్ద ఫైబర్ పడవ వచ్చి దిగింది. వరదలొస్తే జనాన్ని కాపాడటానికట. పైనున్న వాళ్లెవరో మ్యాపు మీద వాగుల గీతలు చూసి మాకూ ఒకటి రాసిపడేసినట్టున్నారు. పడవతో పాటు దాన్ని మోసే బండి రాలేదు. కొనుక్కోమని కాయితం వచ్చింది.

కొనడానికి కమిటీ వేశారు. మా ఆఫీసరుగారు, హెడ్ గుమస్తాగారు, నేను. ఆఫీసరుగారికి పడవ గురించి తెలిసింది ఫొటోలో చూసినంత. గుమస్తాగారికి అదీ లేదు. నేను చక్రాలు విప్పి బిగించగలవాణ్ని గానీ జన్మలో పడవెక్కిన పాపాన పోలేదు. ఆఫీసు మొత్తంలో పడవ తెలిసిన మనిషి ఒక్కడే, మా వాచ్‌మన్. కొల్లేరు వైపు నుంచి వచ్చినవాడు, కుర్రతనమంతా గెడ కర్రతో పడవ తోస్తూ గడిపినవాడు. ఆయన్ని కమిటీలో వేయలేదు. సామాన్లు మోయడానికి వెంట తీసుకెళ్లాం. అప్పట్లో నేను కూడా ఆయన్ని 'అతను' అనే అనేవాణ్ని. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి రావడం లేదు.

సముద్రపు ఒడ్డున ఒక ఊళ్లో ట్రెయిలర్లు కట్టే షెడ్డుకి వెళ్లాం. అక్కడ రెండు రకాలున్నాయి. ఒకదానికి జీపు చక్రాలంత చక్రాలు, గట్టి ఇరుసు, ఎత్తుగా, మొరటుగా ఉంది. రెండోది చిన్న చక్రాల మీద నేలకి ఆనుకుని, నీలం రంగులో ముద్దుగా ఉంది. పిల్లలూ, ఇక్కడ ఒక్క ముక్క పాఠం చెప్పి వదిలేస్తాను. చక్రం జీపు చక్రమంతే ఉంటే స్టెప్నీ ఒకటే రెండింటికీ సరిపోతుంది, ఊళ్లో టైరు దొరుకుతుంది. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువసార్లు తిరగాలి, లోపల బేరింగు త్వరగా వేడెక్కుతుంది. ఈ మాట నేను ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన తల ఊపి, నీలం దాని చుట్టూ ఇంకోసారి తిరిగి వచ్చారు. మన షెడ్డు దూలం తగలకుండా ఉండేది ఇదే అన్నారు. పైగా ఎత్తు తక్కువ, ఎక్కించడానికీ దించడానికీ సుఖం అన్నారు. ఏం ఎక్కించడానికో అప్పుడు నాకు తోచలేదు.

వాచ్‌మన్ సంచులు కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు. "పెద్ద చక్రాలది చూడండి అయ్యగారండీ. పడవని దించాలంటే బండిని నీళ్లలోకి తొయ్యాలి గదండీ. వేడి మీదున్న చక్రం నీళ్లలో పడితే లోపలికి నీళ్లు లాక్కుంటదండీ."

గుమస్తాగారు నవ్వారు. ఆఫీసరుగారు నవ్వారు. వాళ్లిద్దరూ నవ్వారని నేనూ నవ్వాను. ఆ మనిషి చెప్పింది అక్షరాలా నిజం. బండి నడిచాక హబ్బు, అంటే బేరింగుండే చక్రం నడిబొడ్డు, వేడిగా ఉంటుంది, నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుని సందుల్లోంచి నీళ్లని పీల్చుకుంటుంది. అందుకే నీళ్లలో దింపిన ప్రతిసారీ హబ్బు ఊడదీసి, బేరింగు తుడిచి, కొత్త గ్రీజు కూరాలి. నేను చదువుకున్న మెకానిక్‌ని. ఆయన సంచులు మోసే మనిషి. కాబట్టి నీలం బండి కొన్నాం.

ఇక దాని పోషణ సంగతి. షెడ్డులో ఒక రిజిస్టరు ఉండేది. ప్రతి నెలాఖరునా వాచ్‌మన్ దాన్ని చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు. 'పడవ బండి రెండు చక్రాలకూ గ్రీజు పెట్టడమైనది' అని గుమస్తాగారు ముందే అందంగా రాసి ఉంచేవారు. నేను కింద సంతకం చేయాలి. మొదటి మూడు నాలుగు నెలలు నిజంగానే పెట్టాను. దేవుడి తోడు.

తర్వాత తనిఖీ వచ్చింది. పైఆఫీసు నుంచి పెద్దాయన వస్తున్నాడంటే మా వాళ్లకి తెలిసిన పోషణ ఒక్కటే, పెయింటు. జీపులకీ, గేటుకీ, నీళ్ల తొట్టికీ, చివరికి గేటు పక్క రాళ్లకీ వేసి, మిగిలిన డబ్బా పట్టుకెళ్లి పడవ బండికి పూశారు. పూసినవాడు పూస్తే పూశాడు, చక్రాల నట్ల మీద, గ్రీజు కొట్టే నిపిళ్ల మీద, హబ్బు మూతల మీద దట్టంగా పట్టించాడు. నిపిల్ మూసుకుపోతే గ్రీజు లోపలికెలా వెళుతుందని ఆఫీసరుగారి దగ్గరికి వెళ్లి మొత్తుకున్నాను.

"ఏమయ్యా మెకానిక్కూ," అన్నారాయన, "ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాడు కళ్లతో చూస్తాడా, గ్రీజు గన్ను తెచ్చుకుని కొట్టి చూస్తాడా?"

ఏడాదికి రెండు తనిఖీలు, రెండు పూతలు. ఏ డబ్బా మిగిలితే ఆ రంగు. నేను గ్రీజు గన్ను పెడితే పెయింటు మీద గ్రీజు గడ్డలా నిలబడేది. గుడ్డతో తుడిచేసి, వాచ్‌మన్ తెచ్చిన రిజిస్టరులో సంతకం చేసేవాణ్ని. అబద్ధమేం కాదనుకునేవాణ్ని. గ్రీజు పెట్టడమైనది అని ఉంది గానీ లోపలికి వెళ్లినది అని లేదు కదా.

ఏడాదికొకసారి రిహార్సలు కూడా చేసేవాళ్లం. ఊరి చెరువుకి బండిని తీసుకెళ్లి, సగం చక్రాలదాకా నీళ్లలోకి తోసి, పడవ దించి, ఆఫీసరుగారు అందులో నిలబడితే ఫొటో తీయించేవాళ్లం. వాచ్‌మన్ గెడ పట్టుకుని వెనక ఉండేవాడు. ఫొటోలో గెడ మాత్రం పడేది. తిరిగొచ్చాక హబ్బులు విప్పుదామంటే నట్లు పెయింటులో అతుక్కుపోయి కదిలేవి కావు. పోన్లే, వచ్చే నెల చూద్దామనుకునేవాణ్ని. దసరాకి మాత్రం దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కర్పూర హారతి అన్నీ శాస్త్రోక్తంగా జరిగేవి.

ఇప్పుడు మామిడికాయల దగ్గరికొస్తాను. నూజివీడులో ఉద్యోగం చేసే ఏ ఆఫీసరుకైనా ఏప్రిల్, మే నెలల్లో అసలు డ్యూటీ పైవాళ్లకి పళ్లు పంపడం. చిన్నరసాలు, బంగినపల్లి గంపలు గంపలుగా వచ్చిపడేవి. వాటిని మాగేయడానికి గాలి తగలని, ఎలక దూరని, పందికొక్కు ఎక్కని చోటు కావాలి. మా ఆఫీసరుగారికి అది ఊరంతా వెతకక్కర్లేకుండా ఎదురుగానే ఉంది. పడవ! నున్నటి గోడలు, లోతైన కడుపు, పైన కప్పడానికి సొంత టార్పాలిన్. అడుగున వరిగడ్డి, దాని మీద ముచికలు కిందికి పెట్టి ఒక వరస కాయలు, మళ్లీ గడ్డి, మళ్లీ కాయలు. ఎక్కించడానికీ దించడానికీ సుఖం అన్న మాట అప్పటికి నాకు అర్థమైంది.

అందులోనూ ప్రోటోకాల్ ఉండేది. పడవ ముక్కు వైపు కాయలు అందరికంటే పెద్దాయనవి. అక్కణ్నుంచి హోదా తగ్గుతూ వెనక్కి రావాలి. బల్లల మీద సుద్దముక్కతో గుర్తులు. మాగేసే పని వాచ్‌మన్‌ది. ఆయన చెయ్యి అంత మంచిది. పొద్దున్నే టార్పాలిన్ ఎత్తి, వాసన చూసి, చేత్తో తడిమి, ఇవాళ్టివి, రేపటివి, ఎల్లుండివి అని విడదీసేవాడు. కాయ మీద వేలిముద్ర పడేది కాదు. అన్నిటికంటే వెనక, ఆఖరి బల్ల కింద రెండు డజన్లు నావి. నాకు ఎవరూ నోరు మూసుకోమని చెప్పలేదు. రెండు డజన్ల చిన్నరసాలు చాలినాయి.

ఆ రెండు నెలలూ బండిని జాకీ ఎత్తడానికి వీల్లేదు. కాయలు దొర్లి నలుగుతాయని ఆఫీసరుగారి ఆర్డరు. టన్ను బరువేసుకుని బండి ఒకే చోట నిలబడి ఉండేది, కమాన్లు వంగి, టైర్లు నేలకి అతుక్కుని. నెలాఖరున రిజిస్టరు మాత్రం తప్పకుండా వచ్చేది.

అలా మూడు వేసవులు గడిచాయి. నాలుగో ఏడు మే ఇరవై దాటాక సముద్రంలో గాలివాన పుట్టి, మా మీద రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. మూడో రోజు పొద్దున ఆఫీసుకి ఫోను. చాట్రాయి వెళ్లే దారిలో వాగు పొంగి తోటలోకి తిరిగింది. కాయ కోతకి వెళ్లిన కూలీలు పదిహేను మంది తోటలో గంపలు పెట్టుకునే రేకుల షెడ్డు కప్పు మీద చిక్కుకుపోయారు. చుట్టూ నీళ్లు, ఇంకా పెరుగుతున్నాయి. పడవ తీసుకుని వెంటనే రండి.

ఆఫీసరుగారు ఆ సంగతి వరండాలో అందరికీ చెబుతుంటే వాచ్‌మన్ ఒక్క మాటే అడిగాడు.

"ఏ తోటండీ?"

ఆఫీసరుగారు చెప్పారు. వాచ్‌మన్ భార్య ఆ తోటలోనే నాలుగు రోజులుగా గంపలు సర్దే పనికి వెళుతోంది. వానకి ముందురోజు వెళ్లినావిడ ఇంటికి రాలేదు. అక్కడే షెడ్డులో తలదాచుకుని ఉంటుందిలే అని ఈయన ధైర్యం చెప్పుకుంటున్నాడు. ఆయన నేరుగా షెడ్డులోకి వెళ్లి టార్పాలిన్ లాగేశాడు. పడవ నిండా మామిడిపళ్లు. ఘుమఘుమలాడిపోతోంది.

నేను జీపు డ్రైవర్ని కేకేసి వచ్చేసరికి ఆయన వెనక బల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పళ్లు తీస్తున్నాడు. ఒక్కొక్కటీ రెండు చేతులతో తీసి, గడ్డి పరిచిన గంపలో ముచిక కిందికి పెడుతున్నాడు. అన్నేళ్ల అలవాటు చేతులకి పట్టేసింది. ఆఫీసరుగారు గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడి, జాగ్రత్త, ముక్కు వైపువి పెద్దాయనవి, నలగకూడదు అంటున్నారు. ఆ మాటకి వాచ్‌మన్ చేతులు ఆగాయి. తలెత్తి ఆయన వంక చూశాడు. లేచి మూలనున్న పార తెచ్చాడు. గడ్డీ పళ్లూ కలిపి పార నిండా ఎత్తి బయట బురదలో విసిరేశాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ విసిరాడు. నేనూ డ్రైవరూ చేతులతో తోడేశాం. పెద్దాయన పళ్లు, ఆయన కింద పెద్దాయన పళ్లు, ఆ కింది వాళ్లవి, అన్నీ ఒకే గుంటలో కలిశాయి.

ఒక టైరులో గాలి లేదు. ఆ సైజుకి స్టెప్నీ జిల్లాలోనే లేదు. పంపు కొట్టి, నిలబడితే నిలబడుతుందని బయల్దేరాం. పడవని తాళ్లతో కట్టింది వాచ్‌మనే. అటొకటి ఇటొకటి, చూస్తే ముచ్చటేసేలా కట్టాడు. నాలుగు మైళ్లు వెళ్లామో లేదో ఎడమ చక్రం కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆపమనేలోపే పొగ, ఆ తర్వాత పెళ్లున ఒక చప్పుడు. చక్రం ఇరుసు ముక్కతో సహా విరిగి, దొర్లుకుంటూ పోయి పక్క గుంటలో పడింది. బండి ఒక పక్కకి కూలబడింది. తాళ్లు మాత్రం సడలలేదు, పడవ ఉన్నచోటే ఉంది.

వాగు ఇంకా రెండు మైళ్లు. కుడి చక్రమైనా విప్పి చూద్దామని పానా వేశాను. నట్లు కదల్లేదు. ఉలీ సుత్తీ తీసుకుని హబ్బు మూత మీద పెయింటు చెక్కడం మొదలుపెట్టాను. ఆకుపచ్చ పొర కింద బూడిద రంగు, దాని కింద ఎరుపు, దాని కింద తెలుపు, మళ్లీ ఆకుపచ్చ, మళ్లీ బూడిద. తనిఖీలన్నీ అక్కడ వరసగా ఉన్నాయి. అట్టడుగున కమిటీ మెచ్చిన నీలం. మూత ఊడింది. లోపల గ్రీజు లేదు. చెరువు బురద ఎండి, తుప్పుతో కలిసి ఎర్రటి పిండి అయింది. బేరింగు గుళ్లు నా అరచేతిలో పొడిపొడిగా రాలాయి.

వాచ్‌మన్ వానలో నా పక్కనే గొంతుకూర్చుని చూస్తున్నాడు. ఆయనకి చదువు రాదు. ఇన్నేళ్లూ ఆ రిజిస్టరు మోశాడే గానీ అందులో ఏముందో తెలియదు.

"నెల నెలా సంతకం పెట్టేవారు గదండీ మేస్త్రీగారూ," అన్నాడు. కోపం లేదు గొంతులో. నిజంగా తెలుసుకుందామని అడిగాడు. "దేనికండీ అది?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. రోడ్డు మీద కాస్త ముందు, వాగు పొంగిందని తెలిసి ఆగిపోయిన మామిడి లారీ దగ్గరికి పరుగెత్తాడు. అందులో పదిమంది హమాలీలున్నారు. వాళ్లతో ఏం చెప్పాడో నాకు వినపడలేదు గానీ, పదిమందీ వచ్చి, తాళ్లు కోసి, పడవని బోర్లా తిప్పి భుజాలకెత్తుకున్నారు. రెండు మైళ్లు బురదలో దించకుండా మోశారు. కమిటీ లేదు, చక్రాలు లేవు, గ్రీజు అక్కర్లేదు. నేను గెడ పట్టుకుని వెనక నడిచాను.

మేం వెళ్లేసరికి నీళ్లు రేకుల అంచుని తాకుతున్నాయి. వాచ్‌మన్ పడవని ప్రవాహానికి ఏటవాలుగా పెట్టి, గెడ వేసుకుంటూ, నాలుగుసార్లు వెళ్లి నాలుగుసార్లు వచ్చాడు. ముందు ముసలివాళ్లని తెచ్చాడు. ఆయన భార్య ఆఖరి విడతలో వచ్చింది. పదిహేను మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆవిడ ఒడ్డు దిగి, కొంగు పిండుకుని, పడవలో మామిడిపళ్ల వాసనొస్తోందేంటి అని అడిగింది.

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను ప్రతి పెళ్లిలోనూ గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఆగలేదు. బండి ఎలా విరిగిందని పైనుంచి విచారణ పడింది. అసలు పైవాళ్ల బాధ పళ్లు రాలేదని. కానీ పళ్ల సంగతి ఫైలులో రాయకూడదు కదా, అందుకని బండి సంగతి రాశారు. రిజిస్టరు తీసి చూస్తే మూడేళ్లుగా ఒక్క నెల కూడా తప్పకుండా గ్రీజు పెట్టడమైనది. అంత బాగా పోషించిన బండి తనంతట తాను విరగదు. కాబట్టి ఎవరో పడవని సరిగా కట్టక, బరువు ఒక పక్కకి ఒరిగి విరిగింది. కట్టిందెవరు? వాచ్‌మన్.

విచారణకి ముందురోజు మే నెలాఖరు. నేను ఆఫీసరుగారి గదిలోకి వెళ్లి, లోపల గ్రీజు లేదండీ, నేను కళ్లారా చూశానండీ, కట్టడంలో తప్పేం లేదండీ అని చెప్పాను. ఆయన విన్నారు. తలుపు వేసి రమ్మన్నారు.

"మే నెల ఖాళీగా వదిలేశావనుకో, ఏప్రిల్ సంగతి అడుగుతారు," అన్నారు. "ఏప్రిల్ అడిగితే మార్చి అడుగుతారు. మూడేళ్ల సంతకాలూ నీవే. ఆలోచించుకో."

ఆ సాయంత్రం వాచ్‌మన్ ఎప్పటిలాగే రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. తన మీద ఏం రాబోతోందో అప్పటికి ఆఫీసంతా ఎరుగుదురు, ఆయనా ఎరుగును. పేజీ తీసి నా ముందు పెట్టాడు. 'పడవ బండి రెండు చక్రాలకూ గ్రీజు పెట్టడమైనది.' గుమస్తాగారి దస్తూరీ ఎప్పట్లాగే ముత్యాల్లా ఉంది. ఆ వేళకి ఒక చక్రం చాట్రాయి దారిలో గుంటలో పడి ఉంది. వాచ్‌మన్ పేజీ ఎగరకుండా రెండు వేళ్లతో అదిమి పట్టుకున్నాడు. నాకు ఇంట్లో ముగ్గురు పిల్లలు. సంతకం పెట్టాను.

ఆయనకి ఇంక్రిమెంట్లు కోసి, వారం తిరక్కుండానే చింతలపూడి బదిలీ చేశారు. నాకు రికార్డులు సక్రమంగా నిర్వహించినందుకు ఒక మెచ్చుకోలు కాయితం వచ్చింది. మా ఆవిడ ఫ్రేము కట్టించింది. ఆ మధ్య ఇల్లు మారేటప్పుడు పారేద్దామని తీసి, మళ్లీ పెట్టెలోనే పెట్టాను. మీలాంటి పిల్లలెవరైనా అడిగితే చూపించడానికి ఒకటుండాలి.

చింతలపూడి బస్సెక్కే రోజు పొద్దున ఆయన మా ఇంటికొచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చేతిలో గడ్డి కప్పిన గంప ఉంది. గుమ్మంలో నెమ్మదిగా దించాడు.

"మీ రెండు డజన్లండీ," అన్నాడు. "వెనక బల్ల కిందివి. ఆ రోజు పార తేవడానికి ముందే తీసి పక్కన పెట్టానండీ. ఇవాళ్టికి సరిగ్గా మాగినయ్యి."

భార్య రోడ్డు మీద మూటలతో నిలబడి ఉంది. ఆయన వెళ్లిపోయాడు. పిల్లలు గంప చుట్టూ చేరారు. ఒక్క కాయ కూడా నలగలేదు. నేనూ ఒకటి తిన్నాను. చాలా తియ్యగా ఉంది.